డిపాజిట్లు పోగొట్టుకున్నవాడి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎన్నికల గురించే. కారణం నాకు తెలుసు. పోయిన సంచికలో సంపాదకుడు నన్ను పరిచయం చేస్తూ ‘ఎప్పుడూ గెలవని అభ్యర్థి’ అని రాశారు. అబద్ధమేమీ కాదు. అజామాబాద్‌లో లేత్ మీద పనిచేశాను. కార్ఖానా మూతపడ్డాక అడిక్‌మెట్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. 1985 నుంచి ఒక చిన్న సోషలిస్టు పార్టీ తరఫున శాసనసభకు నిలబడుతూ వచ్చాను. ఒక్కసారీ డిపాజిట్ తిరిగి రాలేదు. నా అర్హతలు ఇవే. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

జైల్లో ఉండి అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన కార్మిక నాయకుడొకరు ఉన్నారని మా లెక్చరర్ ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఎవరాయన? అన్నిసార్లు ఓడిన మనిషిని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?
– బి.ఎ. విద్యార్థిని, విద్యానగర్

ఆయన పేరు యూజీన్ డెబ్స్, అమ్మా. 1855 నవంబరు 5న ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు ఫ్రాన్స్‌లోని అల్సాస్ నుంచి వలస వెళ్లి కిరాణా కొట్టు నడుపుకున్నవాళ్లు. పద్నాలుగేళ్ల వయసులో బడి మానేసి రైల్వే షెడ్డులో చేరాడు. ఇంజన్లకు పట్టిన గ్రీజు గోకడం పని, రోజుకు అర డాలరు కూలి. ఆ తర్వాత ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయ్యాడు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇంటికొచ్చి కిరోసిన్‌తో ఎంత రుద్దుకున్నా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. డెబ్స్ గురించి చదివినప్పుడల్లా ఆయన ఉపన్యాసాలకన్నా ముందు నాకు ఆ గోళ్లే కళ్లముందు కనిపిస్తాయి.

మీ లెక్చరర్ చెప్పి ఉండని సంగతి ఒకటుంది. డెబ్స్ ఎన్నికల్లో గెలిచాడు కూడా, పెద్ద పార్టీలో ఉన్నంత కాలం. డెమొక్రాట్‌గా ఊరి పురపాలక గుమాస్తా పదవి (అక్కడ అది ఎన్నికతో వచ్చేదే) రెండుసార్లు గెలిచాడు. 1884లో రాష్ట్ర శాసనసభకూ గెలిచాడు. ఆ సభలో కార్మికుడికి ఒరిగేదేమీ లేదని తేల్చుకుని మళ్లీ నిలబడలేదు. అంటే ఆయనకు గెలవడం చేతకాక కాదు.

ఆ రోజుల్లో రైల్వేలో ఫైర్‌మన్లకు ఒక సంఘం, డ్రైవర్లకు ఇంకొకటి, గార్డులకు మరొకటి. ఒకరు సమ్మె చేస్తే ఇంకొకరు బండి నడిపేవారు. డెబ్స్ తానే ఫైర్‌మన్ల సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసి, ఈ పద్ధతి పనికిరాదని 1893లో అందరికీ కలిపి అమెరికన్ రైల్వే యూనియన్ పెట్టాడు. మన లాలాగూడ వర్క్‌షాపు మొదలైందీ అదే ఏడాది. మరుసటి ఏడాది షికాగో దగ్గర పుల్‌మన్ కంపెనీ గొడవ వచ్చింది. రైలు పెట్టెలు తయారు చేసే ఆ కంపెనీ కార్మికులను తన ఊళ్లోనే, తన ఇళ్లల్లోనే ఉంచేది. కూలి తగ్గించింది, ఇంటి అద్దె మాత్రం తగ్గించలేదు. పుల్‌మన్ పెట్టె తగిలించిన ఏ బండినీ కదిలించం అన్నారు యూనియన్ వాళ్లు. కోర్టు నిషేధం విధించింది, ప్రభుత్వం సైన్యాన్ని దింపింది, డెబ్స్‌కు ఆరు నెలల జైలు పడింది. సోషలిజం గురించి గట్టిగా చదువుకున్నది ఆ వుడ్‌స్టాక్ జైల్లోనే.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పాలి. అదే యూనియన్ మహాసభలో నల్లజాతి కార్మికులను చేర్చుకోకూడదని స్వల్ప తేడాతో తీర్మానం నెగ్గింది. డెబ్స్ వద్దన్నా వినలేదు. సమ్మె విరగడానికి సైన్యం ఎంత కారణమో ఈ తీర్మానమూ కొంత కారణమేనని నా అభిప్రాయం. పర్మినెంటు కార్మికుల సంఘం కాంట్రాక్టు కార్మికుణ్ని గేటు బయటే నిలబెట్టడం నా కళ్లతో చూశాను. అలా చూసిన ప్రతిసారీ ఆ మహాసభే గుర్తొచ్చింది.

తర్వాత సోషలిస్టుగా అధ్యక్ష పదవికి పోటీలు. 1900లో 88 వేల లోపు ఓట్లు. 1904లో 4 లక్షలు. 1908లో కార్మికులు చందాలు వేసుకుని ‘రెడ్ స్పెషల్’ అని ఒక రైలునే అద్దెకు తీసుకుని దేశమంతా తిప్పారు. ఓట్లు 4 లక్షల 20 వేలే వచ్చాయి. రైలు నిండా జనం వచ్చినంత మాత్రాన పెట్టె నిండా ఓట్లు పడవని నాకు తెలుసు, మైకు పట్టుకున్న ప్రతి ఒక్కడికీ తెలుసు. 1912లో ఏకంగా 9 లక్షలు, అంటే 6 శాతం. 1916లో అధ్యక్ష పదవికి నిలబడలేదు.

1918 జూన్ 16న ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. గూఢచర్య చట్టం కింద పదేళ్ల శిక్ష వేశారు. సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. అట్లాంటా జైల్లో 9653 నంబరు ఖైదీగా ఉంటూ 1920లో ఐదోసారి నిలబడ్డాడు. పార్టీ వాళ్లు ఆ నంబరునే బిళ్లల మీద అచ్చేసి చొక్కాలకు పెట్టుకున్నారు. 9 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. దీన్ని ఆయన శిఖరంగా చెబుతుంటారు గానీ లెక్క సరిగ్గా చూడండి. అప్పటికి ఆడవాళ్లందరికీ ఓటు హక్కు వచ్చి మొత్తం ఓట్లు బాగా పెరిగాయి. శాతం చూస్తే 1912లో వచ్చిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. 1921 క్రిస్మస్ రోజున అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి వదిలేశాడు. 1926 అక్టోబరు 20న డెబ్స్ పోయాడు.

మన దగ్గరైతే ఇది కుదరదు. రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడితే విడుదలయ్యాక కూడా ఆరేళ్లు పోటీకి అనర్హులు. విచారణ ఖైదీ మాత్రం నిలబడవచ్చు. 1974 రైల్వే సమ్మె నడిపిన జార్జి ఫెర్నాండెజ్ 1977లో తీహార్ జైల్లో ఉండే బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో గెలిచాడు. ఆ సమ్మెలో మా నాన్న కూడా ఉన్నాడు. గెలుపు వార్త రేడియోలో విని లాలాగూడ క్వార్టర్లలో జిలేబీలు పంచారు.

ఇక ఎందుకు గుర్తుపెట్టుకోవాలన్న ప్రశ్న. 1912 నాటి సోషలిస్టు పార్టీ ప్రణాళికలో పని గంటల తగ్గింపు, బాలకార్మిక నిషేధం, స్త్రీలకు ఓటు, వృద్ధులకు పింఛను ఉన్నాయి. స్త్రీల ఓటు 1920లో రాజ్యాంగంలోకి ఎక్కింది. వృద్ధాప్య పింఛను 1935లో, పని గంటల పరిమితి, బాలకార్మికులపై ఆంక్షలు 1938లో చట్టాలయ్యాయి. ఇవన్నీ డెబ్స్ ఒక్కడి చలవేనంటే అది భజన అవుతుంది. ఆయన ఊరూరా అరిచి చెప్పిన రోజుల్లో అవి పెద్ద పార్టీల నోట అంతగా పలికేవి కావన్నది మాత్రం నిజం. నేను ఆయన్ను గుర్తుపెట్టుకునేది ఐదు నామినేషన్ల కోసం కాదు. రెండు నామినేషన్లకు మధ్య నాలుగేళ్లూ ఏ ఊళ్లో సమ్మె ఉంటే ఆ ఊళ్లో ఉన్నాడు, అందుకు.

ఓడిపోతామని తెలిసీ ప్రతిసారీ నిలబడటం పిచ్చి కాదా? ఆ డబ్బు పిల్లల పేరున వేసినా పనికొచ్చేది.
– బ్యాంకు ఉద్యోగి, కూకట్‌పల్లి

నేను మొదటిసారి కట్టిన డిపాజిట్ 250 రూపాయలు. 1951 చట్టంలో శాసనసభకు పెట్టిన మొత్తం అది. 1996 వరకూ మారలేదు. ఆ ఏడాది 5,000 చేశారు, 2010లో 10,000 అయింది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నోటా ఓట్లను ఈ లెక్కలో కలపరు. అది నాలాంటివాడికి పెద్ద ఊరటేమీ కాదనుకోండి.

ఈ డబ్బుకు నాకు ఏం వస్తుందంటారా? ఎన్నికలు లేని రోజుల్లో నేను కరపత్రం పట్టుకుని కార్ఖానా గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ తరిమేస్తాడు. నామినేషన్ వేసిన మర్నాటి నుంచి అదే వాచ్‌మన్ ‘అభ్యర్థిగారూ’ అని కుర్చీ వేస్తాడు. ఎన్నికల అధికారి నేను రాసిచ్చిన ఫిర్యాదు తీసుకుని రసీదు ఇస్తాడు. సైకిల్ హ్యాండిల్‌కు బ్యాటరీ మైకు కట్టుకుని అనుమతి కాగితం జేబులో పెట్టుకుంటే రామ్‌నగర్ నుంచి బాగ్‌లింగంపల్లి దాకా ఎవరూ ఆపరు. నల్లా నీళ్ల గురించి, కనీస వేతనం గురించి మాట్లాడితే వినడానికి జనం తలుపు తీస్తారు. మిగతా నాలుగున్నరేళ్లు ఆ తలుపు కొట్టాలంటే ఎవరి తరఫున వచ్చావని అడుగుతారు.

మరో మాట. మధ్యకాలంలో ఏ పనీ చేయకుండా, ఎన్నికలు రాగానే ఫొటో తీయించుకుని నామినేషన్ వేసేవాళ్లంటే నాకు గౌరవం లేదు. తమిళనాడు మెట్టూరులో పద్మరాజన్ అనే టైర్ల రిపేరు దుకాణం యజమాని 1988 నుంచి రెండు వందలకు పైగా ఎన్నికల్లో నిలబడ్డారు. 1991లో మన నంద్యాలలో పి.వి. నరసింహారావు మీద కూడా వేశారు. సామాన్యుడు కూడా నిలబడగలడని చూపించడానికే అంటారాయన. సరదా మనిషి, హాని లేని మనిషి. కానీ ఆయన దారి వేరు, నా దారి వేరు. మా ఇద్దరినీ ఒకే గాటన కట్టి వార్త రాసే విలేకరులంటే నాకు ఒళ్లు మంట.

పిల్లల సంగతి అడిగారు కదా. పెద్దవాడు ఇంజనీరు, అమ్మాయి నర్సు. వాళ్ల చదువులకు లేత్ సంపాదించింది, నేను ఆపలేదు.

ఇంట్లో మీ ఆవిడ ఏమంటారు?
– గృహిణి, నల్లకుంట

ఓటు నాకే వేశావా అని అడిగితే రహస్య బ్యాలట్ అంటుంది. అన్ని ఎన్నికల్లోనూ అదే జవాబు.

వచ్చే ఎన్నికల్లో నిలబడాలని ఉంది. ఆటో డ్రైవర్ని. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పాఠకుడు, సైదాబాద్

పదిమందితో మొదలుపెట్టు, తమ్ముడూ. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. నీకూ నాకూ అదే నియోజకవర్గంలో ఓటున్న పదిమంది సంతకాలు కావాలి. వాళ్ల పార్టు నంబరు, వరుస నంబరు ఓటర్ల జాబితాలో సరిచూసి రాయి. పరిశీలన రోజున ఎక్కువ నామినేషన్లు ఇక్కడే రాలిపోతాయి. చివరి రోజు దాకా ఆగొద్దు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే తీసుకుంటారు. తప్పు దొరికితే దిద్దుకుని మళ్లీ వేయడానికి వ్యవధి ఉండాలి. ఆస్తులు, అప్పులు, కేసులు రాసే 26వ ఫారం ప్రమాణపత్రంలో ఒక్క గడీ కూడా ఖాళీ వదలకు. లేకపోతే ‘లేదు’ అని రాయి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకని వేరే బ్యాంకు ఖాతా తెరువు. కరపత్రం అచ్చేస్తే ముద్రాపకుడి పేరు, ప్రచురించినవాడి పేరు దాని మీద తప్పనిసరి. చిక్కడపల్లిలో మా ప్రెస్సు ఆయనైతే ముందు ఆ వరస కూర్చి, తర్వాతే నా నినాదాలు కూర్చేవాడు.

ఓడిపోయాక అందరూ మరిచేది ఖర్చు లెక్క. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హుడివి అవుతావు. ఖర్చు పరిమితి 40 లక్షలని విని భయపడకు. అది పై గీత, అంత ఖర్చు పెట్టాలని ఎవరూ అనలేదు.

గుర్తు విషయంలో నీ మనసు గట్టి చేసుకో. రాజకీయ పార్టీలకు కేటాయించనివి ఒక పట్టికలో ఉంటాయి. అందులోంచి మూడు కోరుకోవచ్చు. ఇద్దరు ఒకటే కోరితే చీటీలు వేస్తారు. నాకు ఒకసారి కుట్టుమిషను వచ్చింది. మా బస్తీ ఆడవాళ్లకు అది బాగా నచ్చి, ‘కుట్టుమిషను తాత’ అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాతిసారి టార్చిలైటు ఇచ్చారు. పోలింగ్ రోజు సాయంత్రం ఒక పెద్దావిడ ఎదురొచ్చి, ‘ఎంత వెతికినా నీ మిషను కనబడలేదు నాయనా’ అంది. చిన్న పార్టీకి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. పెద్ద పార్టీ గుర్తు తాత ముత్తాతల నాటి నుంచీ గోడ మీద ఉంటుంది, మనది మూడు వారాలే.

మీలాంటివాళ్లు నాలుగైదు వందల ఓట్లు చీల్చబట్టే మంచి అభ్యర్థి ఓడి చెడ్డవాడు గెలుస్తున్నాడు. బాధ్యత మీది కాదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మలక్‌పేట

మాస్టారూ, ‘చీల్చారు’ అంటే ఆ ఓట్లు ముందే ఎవరివో అయి ఉండాలి. నాకు ఓటేసినవాళ్లలో సగం మంది నేను లేకపోతే ఇంట్లో పడుకుని ఉండేవాళ్లు. వాళ్లే చెప్పారు. మీరన్నంత స్వల్ప తేడాతో ఫలితం మారే చోట్లు ఉన్నాయి, కాదనను. అక్కడ ఓటరు చూసుకుని వేయాలి. మీరు ఈసారి పెద్ద పార్టీకే వేయదలిస్తే నేను తప్పుపట్టను. కానీ ఒక్క మాట. 1912లో అమెరికాలో ఓట్లు చీలింది డెబ్స్ వల్ల కాదు. రిపబ్లికన్ పార్టీ తనలో తానే కొట్టుకుని టాఫ్ట్ ఒకవైపు, రూజ్‌వెల్ట్ ఇంకోవైపు నిలబడ్డారు. డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి విల్సన్ 42 శాతంతోనే గెలిచాడు. పెద్దవాళ్లు చీలితే దాన్ని వ్యూహం అంటారు, చిన్నవాడు నిలబడితే ద్రోహం అంటారు.

నల్లగొండలో వందలమంది, నిజామాబాద్‌లో రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు కదా. అదీ మీరు చేసేదీ ఒకటేనా?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

కాదు. వాళ్లది ఒక్కసారి చేసిన నిరసన. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నాయని దేశానికి వినిపించడానికి. బ్యాలట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ముగ్గురు తప్ప అందరి డిపాజిట్లూ పోయాయి. సి.పి.ఐ. నుంచి ధర్మభిక్షం గెలిచారు. ఆ ఏడాదే డిపాజిట్ పెంచారు, పదిమంది సంతకాల నిబంధన తెచ్చారు. ఫ్లోరైడ్ నీళ్లకన్నా ముందు నామినేషన్ల సంగతి తేల్చారన్నమాట. 2019లో నిజామాబాద్‌లో పసుపు, జొన్న రైతులతో కలిపి 185 మంది పోటీలో ఉంటే ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. నాకు ఆ రైతుల మీద అసూయ. వాళ్ల డిమాండు ఏమిటో నెలలో దేశమంతా తెలిసింది. నాది మా వార్డు దాటడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

హైదరాబాద్‌లో సోషలిస్టులు ఎప్పుడైనా గెలిచారా, లేక అందరూ మీలాగేనా?
– పాఠకుడు, బర్కత్‌పురా

గెలిచారండీ. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా 1955 చివర్లో తన సోషలిస్టు పార్టీని ప్రారంభించింది ఈ ఊళ్లోనే. ఆయన కూడా 1962లో ఫూల్పూర్‌లో నెహ్రూ మీద ఓడి, మరుసటి ఏడాది ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచాడు. లోహియా దారిలో వచ్చిన కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి 1978లో జనతా పార్టీ తరఫున ముషీరాబాద్‌లో టి. అంజయ్యను ఓడించాడు. ఆ అంజయ్య కూడా ఒకప్పుడు అల్విన్ కార్ఖానా కార్మికుడే. రెండు సంఘాల మనుషులు ఒకే నియోజకవర్గంలో తలపడ్డారు. గేట్ల దగ్గర ఎవరిని సమర్థించాలో తెలియక మా షిఫ్టు రెండుగా చీలింది. ఓడిన అంజయ్య మూడేళ్లు తిరగకుండానే ముఖ్యమంత్రి అయ్యాడు. గెలిచిన నాయిని రాష్ట్రం వచ్చాక 2014లో హోంమంత్రి అయ్యాడు. ఇద్దరూ పెద్ద గొడుగు కిందికి వెళ్లాకే అంత ఎత్తుకు చేరారు. అది తప్పని నేను అనను. నాకు చేతకాలేదు, అంతే.

జీడిమెట్లలో కాంట్రాక్టు కార్మికుణ్ని. జీతంలో పి.ఎఫ్. కోస్తున్నారు, పాస్‌బుక్కులో మాత్రం ఎనిమిది నెలలుగా ఏమీ పడలేదు. కాంట్రాక్టరు రేపు మాపు అంటున్నాడు. ఇది మీ శీర్షికలో అడగవచ్చా?
– పాఠకుడు

ఇలాంటివే అడగండి. ముందుగా, మీ జీతంలోంచి కోసిన డబ్బు మరుసటి నెల 15వ తేదీలోగా పి.ఎఫ్. కార్యాలయంలో జమ కావాలి. కోసి కట్టకపోవడం బాకీ మాత్రమే కాదు, నమ్మకద్రోహం కింద వచ్చే నేరం. రెండోది, కాంట్రాక్టరు కట్టకపోతే మీరు పనిచేసే కంపెనీయే కట్టాలి. అసలు యజమాని బాధ్యత నుంచి తప్పించుకోలేడు. కాబట్టి కాంట్రాక్టరు చుట్టూ తిరగడం ఆపి కంపెనీ పర్సనల్ విభాగానికి ఒక కాగితం రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపండి.

జీతం చీటీలు, గేటు పాసు, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, యు.ఎ.ఎన్. (మీ పి.ఎఫ్. నంబరు) పాస్‌బుక్కు కాగితాలు జిరాక్సు తీయించండి. జీతం చీటీ ఇవ్వడం లేదంటే హాజరు ఫొటోలు, సూపర్‌వైజరు పంపిన ఫోను సందేశాలు కూడా పనికొస్తాయి. మీ షిఫ్టులో మిగతావాళ్ల పాస్‌బుక్కులు కూడా చూడమనండి. మీ ఒక్కరికే ఆగి ఉండదు. ఒక్క పేరుతో ఫిర్యాదు వెళితే రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వరు, అందరి సంతకాలతో వెళ్లండి. మీ ప్రాంతపు పి.ఎఫ్. కార్యాలయానికి భోజన విరామానికి ముందే చేరండి. ఫిర్యాదు నంబరు రాయించుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు. ఆ నంబరు ఒక పోస్టుకార్డు మీద నాకు రాయండి.